ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? కన్యాశుల్కం పాత్రలు, వాళ్ళ నిర్ణయాలు

(ఒక సాహిత్య సభలో డిగ్రీ విద్యార్థులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం. పెద్దలకు, ముందు వరుసలో నోట్‌బుక్కులు తెరుచుకుని కూర్చున్న విద్యార్థులకు ప్రత్యేకంగా నమస్కారం.

మన పరీక్ష పేపర్లలో ‘గిరీశం పాత్ర చిత్రణను వివరింపుము’ అని ఒక ప్రశ్న వస్తుంది. జవాబు కూడా మనకు కంఠతా వచ్చు. గిరీశం మాటకారి, మోసగాడు, అవకాశవాది. మధురవాణి వేశ్య అయినా ఉదాత్తురాలు. అగ్నిహోత్రావధాన్లు కోపిష్ఠి, ఛాందసుడు. ఇవన్నీ నిజాలే. కాని ఇలా విశేషణాలు తగిలించాక ఆ మనిషి గురించి మనం ఇంక ఆలోచించం. ఈ మనిషి ఈ పని ఎందుకు చేశాడు, మరోలా చేసే వీలు ఉందా, ఉంటే ఎందుకు చెయ్యలేదు అన్న ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి. నాకు ఆ ప్రశ్నలంటేనే ఇష్టం. అందుకే ఇవాళ కన్యాశుల్కాన్ని ఒకే ఒక ప్రశ్న పట్టుకుని చదువుదాం. ఈ నాటకంలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక నిర్ణయం తీసుకుంటారు. ఆ నిర్ణయానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?

ఖర్చు అన్న మాట ఈ నాటకానికి బయటినుంచి తెచ్చి అతికించిందేమీ కాదు. నాటకం పేరులోనే వెల ఉంది. కన్యాశుల్కం అంటే పిల్లనిచ్చినందుకు ఆమె తండ్రి వరుడి దగ్గర పుచ్చుకునే డబ్బు. కృష్ణరాయపురం అగ్రహారంలో ఉన్న అగ్నిహోత్రావధాన్లు తన రెండో కూతురు సుబ్బిని రామచంద్రపురం అగ్రహారంలో ఉన్న ముసలి లుబ్ధావధాన్లుకు పద్దెనిమిది వందల రూపాయలకు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. కథంతా ఆ బేరం చుట్టూనే తిరుగుతుంది.

మొదట ఈ తండ్రి దగ్గరే కాసేపు ఆగుదాం. ఇతన్ని దుర్మార్గుడని పక్కన పెట్టేయడం తేలిక. పెద్దకూతురు బుచ్చమ్మను కూడా ఇలాగే ఇచ్చాడు, ఆ పిల్ల చిన్నతనంలోనే విధవై పుట్టింటికి వచ్చింది. కళ్ళెదుట ఆ పిల్ల తిరుగుతుంటే రెండో పిల్లకు అదే పని చేయబోతున్నాడు. ఏం మనిషి అనిపిస్తుంది. కాని 1897లో నాటకం మొదటిసారి అచ్చయినప్పుడు గురజాడ అప్పారావుగారు ఇంగ్లీషులో రాసిన ముందుమాట ఒకసారి చదవండి. అంతకు కొన్నేళ్ళ ముందు విజయనగరం మహారాజా ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితా ఒకటి తయారు చేయించారు. అందులో 1,034 పెళ్ళిళ్ళు తేలాయి. ఐదేళ్ళ వయసులో పెళ్ళయిన పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది వయసు పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురికీ పలికిన వెల ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. ఆ జాబితా సమగ్రం కాదని కూడా గురజాడే అన్నారు.

ఒక్క జిల్లాలో మూడేళ్ళలో వెయ్యికి పైగా తండ్రులు ఒకే పని చేశారంటే, అందరూ పుట్టుదుర్మార్గులే అని ఎలా అంటాం? అగ్నిహోత్రావధాన్లు తాను తప్పు చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనుకోడు. అతని ఆవేశం చూడండి, తనకు న్యాయంగా రావలసినదాన్ని ఎవరో అడ్డుకుంటున్నట్టు మాట్లాడతాడు. అందరూ చేసే పని చేస్తున్నప్పుడు మనిషికి తాను ఒక నిర్ణయం తీసుకుంటున్నానన్న స్పృహే ఉండదు. ఇక్కడ ఖర్చు పెట్టేది సుబ్బి. ఆమెకు ఆ లెక్క అర్థమయ్యే వయసు కూడా లేదు. తండ్రికి కనిపించేది రాబడి మాత్రమే. నాకు అగ్నిహోత్రావధాన్లు మీద కోపం తగ్గదు గాని, అతన్ని చదివిన ప్రతిసారీ భయం వేస్తుంది. అందరూ చేస్తున్నారు కదా అని నేను చేస్తున్న పనులేమిటి అన్న ప్రశ్న వెంటాడుతుంది.

ఇక గిరీశం. 1955లో వచ్చిన సినిమాలో ఎన్.టి.రామారావుగారిని చూసినవాళ్ళకు ఈ పాత్ర గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పూటకూళ్ళమ్మ ఇంట్లో తిని, ఆమె సరుకులు తెమ్మని ఇచ్చిన డబ్బు మధురవాణికి తగలేసి, ఊళ్ళో అప్పులు మిగిల్చి, అగ్నిహోత్రావధాన్లు కొడుకు వెంకటేశానికి సెలవుల్లో చదువు చెప్పే నెపంతో అగ్రహారం చేరాడు. అక్కడ బుచ్చమ్మను చూశాడు. అప్పటినుంచి వితంతు వివాహాల మీద ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. ‘నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్’ అనే మనిషి, ఆ ఎడ్యుకేషన్ అంతా ఒక అమాయకురాలి మీద ప్రయోగించాడు.

విద్యార్థులు ఇక్కడ ఒక చిక్కు గమనించాలి. గిరీశం చేయబోయిన పని ఏమిటి? వితంతువును పెళ్ళి చేసుకోవడం. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు జరిపించిందీ వితంతు వివాహమే. బయటినుంచి చూస్తే పని ఒకటే. పంతులుగారు ఆ పెళ్ళి చేసి వెలిని భరించారు, ఊరి కోపాన్ని, అయినవాళ్ళ ఎడబాటును భరించారు. గిరీశం ఏం భరించాడు? ఆ పెళ్ళి వల్ల అతనికి పోయేది ఏమీ లేదు. వకీలు సౌజన్యారావు పంతులు లాంటి పెద్దమనిషి దృష్టిలో గొప్పవాడవుతాడు, ఆశ్రయం దొరుకుతుంది, పాత అప్పులు పాత ఊళ్ళోనే ఉండిపోతాయి. సంస్కరణ ఎవరికి ఖర్చు, ఎవరికి లాభం అని అడిగితే గిరీశం ఎక్కడ నిలబడ్డాడో తెలిసిపోతుంది. అతని ఉపన్యాసాల్లో ఉన్న వాదనల్లో తప్పు లేదు. మాట సరైనదే, చెప్పినవాడి నోట అది సరుకైపోయింది.

గిరీశం గురించి ఇంతకంటే చెప్పను. అందరూ అతని గురించే మాట్లాడతారు. నన్ను ఏళ్ళ తరబడి ఇబ్బంది పెట్టిన మనిషి కరటకశాస్త్రి.

కరటకశాస్త్రి అగ్నిహోత్రావధాన్లు భార్య వెంకమ్మకు అన్నదమ్ముడు, సుబ్బికి మేనమామ. నాటకాల్లో వేషం కట్టే మనిషి. చెల్లెలి ఇంట్లో ఏడుపు చూశాడు, మేనకోడలి గొంతు కోస్తున్నారని తెలిసింది. బావకు చెప్పి చూశాడు, అతను వినే మనిషి కాదు. అప్పుడొక ఉపాయం పన్నాడు. తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి, తాను గుంటూరు శాస్త్రులుగా మారి, తక్కువ వెలకే ఆ ‘పిల్ల’ను లుబ్ధావధాన్లుకు అంటగట్టాడు. ఆశపోతు ముసలివాడు సుబ్బి సంబంధం వదులుకున్నాడు. పెళ్ళయ్యాక శిష్యుడు వేషం విప్పి మాయమయ్యాడు. సుబ్బి బయటపడింది.

మనం చప్పట్లు కొడతాం. కొట్టాలి కూడా. ఒక పసిపిల్ల బతికింది. పోతన భాగవతం అష్టమ స్కంధంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పిన పద్యం మీ అందరికీ వచ్చు:

వారిజాక్షులందు వైవాహికములందు
బ్రాణవిత్తమానభంగమందు
జకితగోకులాగ్రజన్మరక్షణమందు
బొంకవచ్చు నఘము వొందదధిప!

ఆడవాళ్ళ విషయంలో, పెళ్ళి విషయంలో, ప్రాణం, ధనం, మానం పోయే వేళ అబద్ధమాడవచ్చు, పాపం అంటదు అన్నాడు శుక్రుడు. కరటకశాస్త్రి ఆడిన అబద్ధానికి ఇంతకంటే గట్టి అనుమతి ఎక్కడ దొరుకుతుంది? ఆడపిల్ల కోసం, పెళ్ళి విషయంలో, ఒక బతుకు నిలబెట్టడానికి ఆడాడు. మూడు లెక్కలూ సరిపోయాయి.

కాని ఖర్చు చూడండి. ఈ వేషం కట్టడానికి శిష్యుడికి ఏం ఆశ చూపించాడు? తన కూతుర్నిచ్చి పెళ్ళి చేసి ఇల్లరికం ఉంచుకుంటానన్నాడు. అంటే చెల్లెలి కూతుర్ని ఒక బేరంలోంచి తప్పించడానికి తన కూతుర్ని ఇంకో బేరంలో పెట్టాడు. వరుడు ముసలివాడు కాదు, డబ్బు చేతులు మారదు, ఆ తేడా పెద్దదే. అయినా ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు. నాటకం చదివేటప్పుడు ఆ మాట నవ్వుతూ దాటేస్తాం. గురజాడ మాత్రం దాన్ని ఊరికే పెట్టలేదని నా నమ్మకం. మంచివాడికి కూడా ఆడపిల్ల చేతిలోని నాణెంలాగే కనిపించేటంత లోతుగా ఆ అలవాటు పాతుకుని ఉంది.

అక్కడితో ఆగలేదు. పెళ్ళికూతురు మాయమయ్యేసరికి ఊరు ఏమనుకుంది? లుబ్ధావధాన్లు పెళ్ళాన్ని చంపేశాడనుకుంది. పోలీసులు వచ్చారు, ఖూనీ కేసు పడింది. లుబ్ధావధాన్లు పిసినారి, పేరాశపరుడు, ముసలితనంలో పసిపిల్లను కొనబోయిన మనిషి. అతని మీద నాకు ప్రేమ లేదు. అయినా అతను చెయ్యని హత్యకు ఉరికంబం ఎక్కే పరిస్థితి వచ్చింది. అప్పుడు కరటకశాస్త్రి ముందున్న దారి సూటిగానే ఉంది. కోర్టుకు వెళ్ళి, ఈ మోసం చేసింది నేను, పెళ్ళికూతురు అసలు ఆడపిల్లే కాదు అని చెప్పాలి. చెబితే తను జైలుకు వెళ్తాడు. అందుకే అతను వెళ్ళలేదు. వెళ్ళి మధురవాణిని బతిమాలాడు.

శుక్రాచార్యుడి పద్యంలో లేనిది ఇదే. అబద్ధం ఎప్పుడు ఆడవచ్చో ఆయన చెప్పాడు. ఆ అబద్ధం వల్ల ఇంకొకడి మెడకు ఉరి పడితే ఏం చెయ్యాలో చెప్పలేదు. బలిచక్రవర్తి ఆ అనుమతిని కాదన్నాడు. ‘కారే రాజులు, రాజ్యముల్ గలుగవే’ అంటూ మొదలుపెట్టి, ఇచ్చిన మాట ఖర్చు తానే భరిస్తానన్నాడు. మూడు లోకాలూ పోయినా సరేనన్నాడు. ఆ పద్యం చివరిదాకా చదివితే బలి మనసులో కీర్తి కాంక్ష కూడా కనిపిస్తుంది. శిబి వంటివాళ్ళు యశస్సు కోరే ఇచ్చారు, వాళ్ళను లోకం ఈనాటికీ మరవలేదు కదా అంటాడు. అంత దాత మనసులో కూడా పేరు మీద ఆశ ఉందని పోతన దాచలేదు. అందుకని మనం పాత్రల్లో కల్తీలేని మనసు కోసం వెతకడం మానుకోవాలి. అది దొరకదు. దొరకలేదని మనిషిని తక్కువ చేయనూ కూడదు. కీర్తి కోసం ఇచ్చినా బలి ఇచ్చింది తనది. కరటకశాస్త్రి దయతో చేసినా ఖర్చు పెట్టింది ఇతరులది.

ఇప్పుడు మధురవాణి దగ్గరకు రండి. నాటకం మొదటిసారి 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో బాగా పెరిగిన రెండో కూర్పు వచ్చింది. మనం ఇవాళ చదువుతున్నది ఆ రెండో కూర్పు. ఇందులోనే మధురవాణి ఇంత ఎత్తుకు పెరిగింది. పదిహేనేళ్ళకు పైగా ఈ నాటకాన్ని మనసులో మోసిన రచయిత, చివరికి దీని బరువంతా ఈమె మీద పెట్టాడంటే ఎందుకో ఆలోచించాలి.

‘వేశ్య అయినా ఉదాత్తురాలు’ అన్న వాక్యం మీద నాకు అభ్యంతరం ఉంది. ఆమె వృత్తి వేరు, మంచితనం వేరు అన్నట్టు అది విడదీస్తుంది. నాటకంలో అలా లేదు. ఇన్నాళ్ళూ ఆమె బతికింది మగవాళ్ళ మాటల్లో ఏది నిజమో, ఏది బేరమో కనిపెట్టి. గిరీశం ఎంత, ఆ తర్వాత తనను ఉంచుకున్న రామప్పపంతులు ఎంత, ఎవరు ఎక్కడ అబద్ధమాడతారు, అన్నీ ఆమెకు తెలుసు. ఆమె వివేకం అక్కడ తయారైంది. ఇంకొకటి. వెల ఎంతో దాచకుండా చెప్పే మనిషి ఈ నాటకంలో ఆమె ఒక్కతే. మిగిలినవాళ్ళు శాస్త్రమనో, సంప్రదాయమనో, సంస్కరణమనో పేరు పెట్టి అమ్ముకుంటారు.

ఆమె ఉద్దేశాలు కూడా కలగలుపే. దొంగ పెళ్ళికి సాయపడమని కరటకశాస్త్రి అడిగినప్పుడు సుబ్బి మీద జాలితో ఒప్పుకుంది. అందులో రామప్పపంతుల్ని ఆటపట్టించే సరదా ఉంది, అతని మీద విసుగు ఉంది. దొంగ పెళ్ళికూతురి మెడలోకి తన నగ, కంటె, వెళ్ళింది, పెళ్ళికూతురితో పాటు అదీ మాయమైంది. ఆ కంటె తెచ్చేదాకా గడప తొక్కొద్దని పంతుల్ని సతాయించడంలో ఆమెకు లాభమూ ఉంది, ఆటా ఉంది. ఇంతవరకు ఆమెను మహాత్మురాలు అననక్కరలేదు. తెలివైన మనిషి, మనసున్న మనిషి.

అసలు పరీక్ష విశాఖపట్నంలో వచ్చింది. లుబ్ధావధాన్లును కాపాడగల మనిషి వకీలు సౌజన్యారావు పంతులు. ఆయన వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్నవాడు. లుబ్ధావధాన్లు ఆమెకు ఏమవుతాడు? ఏమీ కాడు. అతను ఉరికి వెళ్తే ఆమెకు పోయేదేమీ లేదు. పైగా నిజం బయటపెడితే ఆ మోసంలో తనకు ఉన్న భాగమూ బయటపడుతుంది. అయినా మగవేషం వేసుకుని, తనను గడప ఎక్కనివ్వని పెద్దమనిషి ఇంటికి వెళ్ళింది. తాను ఇష్టపడని ఒక ముసలివాడి ప్రాణం కోసం, తాను మొదలుపెట్టని ఒక మోసానికి జవాబు చెప్పడానికి వెళ్ళింది. కరటకశాస్త్రి వెళ్ళవలసిన చోటికి ఆమె వెళ్ళింది. ఈ నాటకంలో ఇతరుల అప్పు తన చేతి నుంచి తీర్చిన మనిషి ఆమె.

అక్కడ జరిగే సంభాషణ తెలుగు నాటకంలో ఎంతో విలువైనదని నేను అంటాను. నిజం తెలిసిన వేశ్య ఒకతె ఉంది, కాని ఆమె ప్రతిఫలం అడుగుతోంది అంటుంది మగవేషంలో ఉన్న మధురవాణి. బేరం మెల్లగా దిగి దిగి చివరికి ఒక ముద్దు దగ్గర ఆగుతుంది. సౌజన్యారావు ఇరుక్కుపోయాడు. ఒక నిరపరాధి ప్రాణం ఒకవైపు, తన నియమం ఒకవైపు.

సౌజన్యారావు నిజంగా మంచివాడు. దబాయించేవాడు కాదు, వేషధారి కాదు. అందుకే ఈ పరీక్ష ఆయనకు పెట్టారు. ఇంతవరకు ఆయన మంచితనం ఆయనకు కష్టం లేకుండా సాగింది. వేశ్యల్ని చూడను అనే నియమం వల్ల నష్టపోయింది ఆ గడప బయట నిలబడ్డ ఆడవాళ్ళు, ఆయన కాదు. నియమం పాటిస్తే ఇంకొకడు చచ్చిపోతాడు అన్న రోజు మాత్రమే ఆయన తన నియమానికి ధర కట్టవలసి వచ్చింది. ఆయన తడబడ్డాడు, చివరికి ముద్దుకు ఒప్పుకున్నాడు. నా దృష్టిలో ఆయన ఎదిగిన క్షణం అది. తన మచ్చలేనితనం కంటే ఎదుటివాడి ప్రాణం పెద్దదని ఒప్పుకున్నాడు.

అప్పుడు మధురవాణి ఆ ముద్దు తీసుకోలేదు. చెడనివాళ్ళను చెరపకూడదని తల్లి తనకు చెప్పిందని గుర్తు చేసుకుంది. గెలిచిన పందెం వదులుకుంది. ఎదుటి మనిషి ఇవ్వడానికి సిద్ధపడ్డాడని తెలిశాక ఇంక వసూలు చెయ్యక్కరలేదనుకుంది. అగ్రహారాల్లో వేదం చదివిన తండ్రులు పసిపిల్లల మీద పైసాతో సహా వసూలు చేసుకున్న నాటకంలో, వసూలు చెయ్యగలిగి మానుకున్నది ఈమె. ఈ చోటికి వచ్చినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. క్షమించండి.

(కాసేపు విరామం)

సమయం అయిపోవస్తోంది. ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

ఒక విద్యార్థిని అడుగుతున్నారు: ఆ కాలం మనుషుల్ని ఈ కాలం విలువలతో తూచడం న్యాయమా?

మంచి ప్రశ్న అమ్మా. అన్యాయమే, మనం బయటినుంచి తూస్తే. కాని వెంకమ్మ ఆ కాలం మనిషే కదా? ఇంగ్లీషు చదువు లేదు, సంస్కరణ సభలు తెలియవు. సుబ్బికి ఈ పెళ్ళి వద్దని ఆమె మొత్తుకుంది. కరటకశాస్త్రి ఆ కాలం వాడే. మధురవాణి ఆ కాలం మనిషే. ఈ పని తప్పు అని చెప్పిన గొంతులు ఆ ఇంట్లోనే, ఆ వంటగదిలోనే ఉన్నాయి. అగ్నిహోత్రావధాన్లుకు వినిపించాయి కూడా. మనం వందేళ్ళ తర్వాత వచ్చి తీర్పు చెప్పనక్కరలేదు, వెంకమ్మ అప్పుడే చెప్పింది. కాకపోతే ఆమె మాటకు ఆ ఇంట్లో చెల్లుబాటు లేదు.

వెనక నుంచి ఒక మాస్టారు అడుగుతున్నారు: మరి బుచ్చమ్మ సంగతి చెప్పలేదేం? ఆమె నిర్ణయాన్ని ఎలా చూడాలి?

చెప్పాలి సార్. బుచ్చమ్మను గిరీశం చేతిలో మోసపోయిన అమాయకురాలిగా మాత్రమే చూస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే. ఆమె ఇల్లు దాటడానికి ఒప్పుకోవడంలో చెల్లెలి పెళ్ళి ఎలాగైనా తప్పాలన్న ఆరాటం పెద్ద భాగం. తనలాంటి బతుకు సుబ్బికి రాకూడదనుకుంది. గిరీశం ఆ ప్రేమను కనిపెట్టి దాన్నే పట్టుకుని లాగాడు. ఆమె పక్క నుంచి చూస్తే ఊరు, ఇల్లు, పేరు అన్నీ పోయే పని అది. ఖర్చు గురించి ఇందాకటి నుంచి మాట్లాడుతున్నాం, ఆమె పెట్టడానికి సిద్ధపడ్డది తక్కువేం కాదు. మధురవాణికి లోకం తెలుసు కాబట్టి ఆమె త్యాగం మనకు కనిపిస్తుంది. బుచ్చమ్మకు లోకం తెలియదు, అందుకని ఆమె ధైర్యాన్ని మనం అమాయకత్వం కింద రాసేస్తాం.

చివర్లో సౌజన్యారావు ఆమెను పూనాలో వితంతువుల శరణాలయానికి పంపి చదివించాలని తీర్మానించారు. గిరీశం నుంచి తప్పించడం సరైనదే, చదువు ఇంకా సరైనది. ఆ మాట నిస్సంకోచంగా చెబుతాను. కాని ఆ తీర్మానం జరిగే సమయానికి అక్కడ సౌజన్యారావు ఉన్నారు, మధురవాణి ఉంది, గిరీశం ఉన్నాడు. బుచ్చమ్మ లేదు. తండ్రి నిర్ణయంతో ఒకసారి, గిరీశం మాటతో ఒకసారి కదిలిన మనిషి ఇప్పుడు ఒక మంచివాడి దయతో కదలబోతోంది. సుబ్బి పెళ్ళి తప్పిందని ఆమెకు ఎవరు చెప్పారో, విన్నప్పుడు ఆమె ఏమందో నాటకంలో లేదు. మీలో ఎవరైనా నాటకాలు రాసేవాళ్ళుంటే ఆ సన్నివేశం రాయండి. ఆమె పూనా వెళ్ళనంటే సౌజన్యారావు ఏం చేస్తారో అది కూడా రాయండి.